గృహమునందు నీటి పొదుపు

నీరు ప్రాణాధారమన్న మాట మనమందరమూ బాల్యం నుండి వింటున్నదే. కాని మన ఇంట్లో రోజుకు ఎన్ని లీటర్ల నీరు ఖర్చవుతున్నదని అడిగితే జవాబు చెప్పగలవారు అరుదు. బియ్యం కొలిచి వండుతాము. పాలు కొలిచి పోయించుకుంటాము. నీటికి మాత్రం కొలత లేదు. దుబారాకు ఇదే మూలకారణం.

హైదరాబాదు నగరాన్నే తీసుకుందాం. 1908లో మూసీ వరదలు తెచ్చిన ఘోర విపత్తు తరువాత ఆ నదిపై 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్ సాగర్ నిర్మితమైనవి. ఒకనాడు ఈ జలాశయాలే నగరపు దాహం తీర్చేవి. జనాభా పెరిగిన కొలది అవి చాలక, నేడు కృష్ణా గోదావరి జలాలను నూరు కిలోమీటర్లకు మించిన దూరం నుండి విద్యుచ్ఛక్తితో ఎత్తిపోసి తీసుకురావలసి వస్తున్నది. కనుక వృథాగా పారే ప్రతి బిందెడు నీటితో పాటు కొంత విద్యుత్తు, కొంత ధనం, మరొకరి వంతు కూడా పోతున్నవని గ్రహించవలెను.

పొదుపు మార్గాలు సులభమైనవే.

మొదటిది, పళ్లు తోముకునే వేళ కుళాయి కట్టివేయడం. నిమిషానికి 6 లీటర్లు వచ్చే కుళాయిని 3 నిమిషాలు విడిచిపెడితే 18 లీటర్లు పోతాయి. చెంబుతో ముంచుకుంటే ఒక లీటరు చాలును.

రెండవది, కారే కుళాయిని బాగుచేయడం. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకొక చుక్క చొప్పున కారినా రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నష్టం. చాలాసార్లు కొద్దిపాటి ఖరీదు గల ఒక వాషరు దీనిని ఆపగలదు.

మూడవది, ఒకే నీటిని రెండుమార్లు వాడడం. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు మొక్కలకు. బట్టలు జాడించిన నీరు మరుగుదొడ్డికి. నీటిశుద్ధి యంత్రం విడిచే నీరు నేల తుడవడానికి పనికివస్తాయి.

నాల్గవది, వాననీటిని నిలుపుకోవడం. 100 చదరపు మీటర్ల డాబాపై ఒక సెంటీమీటరు వాన కురిస్తే అది 1,000 లీటర్ల నీరు. పెరటిలో ఇంకుడు గుంత ఉంటే అందులో చాలా భాగం భూగర్భానికి చేరుతుంది.

విద్యార్థి మిత్రులారా! ఒక్కరోజు మీ ఇంటి నీటిని బక్కెట్లతో కొలిచి నోటుపుస్తకంలో వ్రాసి చూడండి. పదిహేను లీటర్ల బిందె నీటి బరువే పదిహేను కిలోలు. ట్యాంకరు వద్ద వేచి నిలిచి, ఆ బిందెను ఇంటికి మోసే తల్లికి ప్రతి లీటరు విలువా తెలుసు. కుళాయి తిప్పగానే నీరు పొందే మనము ఆ విలువను కొలిచి తెలుసుకోవలసియున్నది.