జోజప్ప గారికి దీపం పట్టిన పిల్లాడు

చిరంజీవి అబ్బాయికి,

మీ పెద్దమ్మ మోకాళ్ళ సంగతి మామూలే. పూజలో కూర్చోవే అంటే వినదు, మోకరించే తీరుతుంది.

నిన్న మీ చిన్నత్త ఫోన్ చేసి, పిల్లాణ్ణి హాస్టల్లో వేసే ఆలోచనలో ఉన్నావని చెప్పింది. వాడేదో కోపంలో "నువ్వేం మా నాన్నవి కాదుగా" అన్నాడట. ఆవిడ ఏది చెప్పినా రూపాయికి అర్ధరూపాయి కలుపుతుంది, నాకు తెలియంది కాదు. కానీ పోయిన నెల నువ్వు వాట్సాప్‌లో "వాడికి నా అవసరం ఉన్నట్టు లేదు పెదనాన్నా" అని ఒక ముక్క పెట్టావు. ఆ రెండూ కలిపి చూసుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో మాట్లాడితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

మీ పెళ్ళికి ముందు మనింట్లో జరిగిన రాద్ధాంతం ఇప్పుడు తవ్వను. బలిపీఠం ముందు కోడలు పిల్ల చెయ్యి పట్టుకున్నప్పుడు, నీ రెండో చేత్తో ఆ పసివాడి చెయ్యి కూడా పట్టుకున్నావు. చాలామంది చూళ్ళేదు. నేను చూశాను.

నీకు జ్ఞానస్నానంలో పెట్టింది బాలయేసుని పెంచిన జోజప్ప గారి పేరు. కాలేజీకి వెళ్ళాక దాన్ని ఇనిషియల్లో దాచేశావనుకో. ఆయన సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పలేదని నా అనుమానం. గుళ్ళో బొమ్మ చూస్తే తెల్లగడ్డం, చేతిలో లిల్లీ పువ్వు. ఆ ముసలితనం సువిశేషాల్లో ఎక్కడా లేదు, తర్వాతి కాలం కథల్లోంచి వచ్చి బొమ్మల్లో స్థిరపడింది. బాలింతనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని రాత్రికి రాత్రి ఐగుప్తు దారి పట్టినవాడు నడుం వంగిన ముసలాయన అయ్యుంటాడా? నీ వయసువాడే అయ్యుంటాడు.

నాలుగు సువిశేషాల్లోనూ ఆయన నోటి మాట ఒక్కటీ లేదు. కలలో దూత చెప్పడం, ఈయన లేచి చెయ్యడం, అంతే. బిడ్డకి యేసు అని పేరు పెట్టింది ఆయనే. యూదుల్లో అలా పేరు పెట్టి బిడ్డని తనవాడిగా ఒప్పుకున్నవాడే చట్టం ముందు తండ్రి. మత్తయి రాసిన దావీదు వంశావళి కూడా జోజప్ప గారి మీదుగానే వస్తుంది, రక్తం లెక్కలు అడిగే మన చుట్టాలకి అది చదివి వినిపించాలి. అలాగని పిల్లాడి ఇంటిపేరు జోలికి వెళ్ళకు. పోయిన వాడి నాన్న ఫోటో హాల్లోనే ఉండనీ. దండ వాడిపోతే నువ్వే మార్చు.

ఇక వాడన్న మాట దగ్గరికి వస్తాను. పన్నెండేళ్ళప్పుడు బాలయేసు పాస్కా పండుగకి వెళ్ళి యెరూషలేములోనే ఉండిపోయాడు కదా. చుట్టాల గుంపులో ఉన్నాడులే అనుకుని ఒక రోజు నడిచాక చూసుకుంటే పిల్లాడు లేడు. మళ్ళీ వెనక్కి. మూడో నాటికి దేవాలయంలో పండితుల మధ్య కూర్చుని కనిపించాడు. మరియమ్మ అందరి ముందూ జోజప్ప గారిని మీ నాన్న అని చెప్పి, ఎంత కంగారుపడ్డామో చూడు అన్నట్టు నిలదీసింది. పిల్లాడేమో నేను నా తండ్రి ఇంట్లో ఉండాలని మీకు తెలియదా అన్న అర్థంలో జవాబిచ్చాడు. ఆ మాట జోజప్ప గారి చెవిన ఎలా పడి ఉంటుందో ఆలోచించు. అంతసేపు పిచ్చివాడిలా వెతికిన మనిషి! ఆయన అలిగాడని లూకా రాయలేదు. పండితులందరూ ఆశ్చర్యపోయిన పిల్లాడు కదా, అక్కడే వదిలేసి రావచ్చు. ఆ కాలానికి యెరూషలేము దేవాలయాన్ని మించిన రెసిడెన్షియల్ కాలేజీ ఏముంది? అయినా ముగ్గురూ కలిసి నజరేతుకే వెళ్ళారు. పిల్లాడు వాళ్ళ మాట వింటూ పెరిగాడు. పెద్దయ్యాక ఊళ్ళోవాళ్ళు ఆయన్ని వడ్రంగి కొడుకు అన్నారని మత్తయి, ఆయన్నే వడ్రంగి అన్నారని మార్కు. పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పకుండా ఆ పేరు ఎలా వస్తుంది?

అన్నం టైముకి తింటున్నావా? ఫోటోలో బుగ్గలు లోపలికి పోయాయి.

నా బీరువా తలుపు లోపల ఒక బొమ్మ అంటించి ఉంటుంది, చిన్నప్పుడు చూసే ఉంటావు. జార్జ్ ద లా తూర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1642 ప్రాంతంలో వేసింది. అసలుది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది, నాది మన పాత ఫాదర్ గారు ఇచ్చిన ప్రింటు. రాత్రి పూట జోజప్ప గారు వంగి దుంగకి బర్మాతో బెజ్జం వేస్తుంటాడు. (ఇందులోనూ ఆయన ముసలాడే, క్షమించేశాను.) ఎదురుగా బాలయేసు కొవ్వొత్తి పట్టుకుని ఉంటాడు. ఆరిపోకుండా అడ్డం పెట్టిన వేళ్ళలోంచి వెలుగు ఎర్రగా కనిపిస్తుంది. లోకానికి వెలుగైనవాడి చేతికి పని ఇచ్చాడు చూడు ఆ పెద్దమనిషి!

మరి నువ్వు పిల్లాడి చేతికి ఎప్పుడైనా టార్చి ఇచ్చావా? ఇవ్వలేదు, నాకు తెలుసు. పంపు కారితే ఫోన్లో ఏదో నొక్కుతావు, ఎవరో కుర్రాడు బ్యాగు తగిలించుకొచ్చి బాగుచేసి పోతాడు. ఫ్యాను కిర్రుమన్నా అంతే, మంచం కోడు ఊగినా అంతే. ఇంట్లో స్క్రూడ్రైవరన్నా ఉందా? కోడల్ని అడిగితే కూరగాయల కత్తితో తిప్పుతారని చెప్పింది, నాకు కళ్ళు తిరిగాయి. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లేయరు, టెస్టరు, సుత్తి, పైపు రెంచి, టెఫ్లాన్ టేపు, నాలుగు రకాల వాషర్లు. ఇవి లేని ఇల్లు ఇల్లు కాదు. కరెంటు పని మాత్రం మెయిన్ ఆపకుండా ముట్టుకోవద్దు. ఆ మెయిన్ ఆపే పని వాడి చేత చేయించు.

పొగాకు బ్యారన్ కాల్చే రోజుల్లో మీ తాత నన్ను రాత్రిళ్ళు వెంట తీసుకెళ్ళేవాడు. ఆకు పసుపు తిరిగేదాకా వేడి తక్కువుండాలి, చివర్లో ఈనె ఎండాలంటే 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోవాలి. పొయ్యి నిప్పుల్లో చిలగడదుంపలు పూడ్చేవాళ్ళం. మీ నాన్న అప్పటికి ఇంత ఉండేవాడు. దుంప చల్లారేదాకా ఆగలేక నోరు కాల్చుకుని ఊరంతా లేచేలా ఏడ్చాడు. ఈనాటికీ వాడు కాఫీ చల్లార్చుకునే తాగుతాడు, గమనించావా? సరే, నా పని కిటికీలోంచి టార్చి వేసి థర్మామీటరు చూడటం. పొయ్యి దగ్గర్నుంచి మీ తాత "ఎంతరా?" అనేవాడు. నేను చెప్పిన అంకెను బట్టే కట్టె లోపలికి తోసేవాడు, బయటికి లాగేవాడు. లేచి వచ్చి సరిచూసుకోవడం నేనెన్నడూ చూళ్ళేదు. వేడి ఎక్కువైతే ఆకు మాడి ఏడాది కష్టం బూడిదయ్యేది. అది పదేళ్ళ వెధవ చెప్పిన అంకె మీద నడిచింది! మీ తాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ముద్దుచేసినట్టు గుర్తులేదు. ఆ "ఎంతరా?" మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకని వాణ్ణి సినిమాకి తీసుకెళ్ళి, బొమ్మలు కొనిపెట్టి, నాన్నా అని పిలవమని బతిమాలకు. ఏమని పిలవాలో వాడిష్టం. అంకుల్ అన్నా పలుకు. నువ్వు చేసే పనిలో వాడు చెయ్యి తీస్తే ఆగిపోయే భాగం ఒకటి వాడికి అప్పజెప్పు. హాస్టల్ ఫీజు కట్టేసి ఉంటే పోనీ, ఆ డబ్బు నేనిస్తాను. తిరిగి ఇస్తానంటే ఊరుకోను.

నిద్రపోతున్న జోజప్ప గారి బొమ్మ తన బల్ల మీద ఉంటుందనీ, కష్టం వస్తే చీటీ రాసి దాని కింద పెడతాననీ పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో మనీలాలో చెప్పారు. అది విన్నప్పటి నుంచీ మీ పెద్దమ్మ మనింట్లో నిలబడి ఉన్న జోజప్ప గారి కిందే చీటీలు పెడుతోంది. ఆయన ఒక పక్కకి ఒరిగిపోయాడు పాపం. మొన్న తుడుస్తూ ఒకటి తీసి చదివాను. నీ పేరు, పిల్లాడి పేరు పక్కపక్కన రాసి ఉన్నాయి. చదివానని ఆవిడతో అనకు.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి ముగ్గురూ రండి. మీ నాన్న కూడా వస్తాడు. వాడితో మాట్లాడే భారం నాది. నువ్వు ముందుగా ఏమీ అనొద్దు. ఆ పనిముట్ల పెట్టె ఆర్టీసీ కార్గోలో వేశాను, రసీదు ఫోటో మీ చిన్నత్త పంపుతుంది. బరువుగా ఉంటుంది, పిల్లాణ్ణి ఒక పక్క పట్టుకోమను. గోంగూర పచ్చడి సీసా అందులోనే గుడ్డలో చుట్టి పెట్టాం, తెచ్చుకునేటప్పుడు తలకిందులు చెయ్యకండి.

ఇట్లు,
మీ పెదనాన్న