ఉప్పునీళ్లు, చప్పనీళ్లు

చెల్లీ, నిన్న ఫోన్‌లో "అక్కా, చేపల ట్యాంకులో నీళ్లు తగ్గాయని ఉప్పు కలిపిన నీళ్లే పోశాను, పగడాలన్నీ ముడుచుకుపోయాయి" అన్నావు చూడు, నాకు నవ్వు ఆగలేదు. నిన్ను చూసి కాదే, నన్ను తలుచుకుని. మావాడు నీమో చేప కావాలని మారాం చేసిన ఏడాది మెల్‌బోర్న్‌లో నేనూ అచ్చంగా అదే పని చేశాను.

పులుసు ఇగిరిపోతుంటే ఏం చేస్తాం? నీళ్లు పోస్తాం గానీ మళ్లీ ఉప్పు వెయ్యం కదా. ట్యాంకులోనూ అంతే. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. నాది 200 లీటర్ల ట్యాంకు, రోజుకి రెండు లీటర్లు ఆరిపోతాయి. ఆ లోటు ఉప్పునీళ్లతో తీరిస్తే పదిరోజుల్లో 700 గ్రాముల ఉప్పు అదనం. లీటరుకి 35 గ్రాములుండాల్సింది ముప్పై ఎనిమిదిన్నర దాకా పాకుతుంది. పగడం ముడుచుకోక ఏం చేస్తుంది!

మనిద్దరం భీమవరం పక్కన చెరువు గట్టుమీద పెరిగి కూడా ఇది మర్చిపోయామంటే సిగ్గుచేటే. ఎండలు ముదిరితే నాన్న జేబులోంచి చిన్న గొట్టం తీసి, దానిమీద చెరువు నీళ్లు ఒక చుక్క వేసి, వెలుగుకేసి ఎత్తి ఒంటికన్నుతో చూసేవారు గుర్తుందా? "ఉప్పదనం పెరిగిందే, కాలవ కట్టేసేలోపు చప్పనీళ్లు పెట్టాలి" అని హడావిడి పడేవారు. దాన్ని రిఫ్రాక్టోమీటర్ అంటారని నాకు ఇక్కడ కొనుక్కున్నాక తెలిసింది. నువ్వూ ఒకటి కొను, ముందు ఆ పని చెయ్యి.

రోజూ తగ్గినంత పొయ్యడానికి ఉత్త ఆర్ఓ నీళ్లు, అంటే పొరలోంచి తోసి లవణాలు తీసేసినవి. పదిహేను రోజులకోసారి 20 లీటర్లు తీసి మార్చేటప్పుడు మాత్రం అవే ఆర్ఓ నీళ్లలో ఉప్పు కలిపి, చిన్న పంపు వేసి రాత్రంతా తిప్పి, వేడి ట్యాంకుతో సరిచూసి పొయ్యాలి. మంచినీళ్ల చేపలు పెంచే వదినలతో ఇంకో మాట చెప్పు: నీళ్లు మార్చేటప్పుడు ఉత్త ఆర్ఓ నీళ్లు పోసేస్తే చేపలకి కావలసిన ఖనిజాలే ఉండవు, అవి కలిపి పొయ్యాలి. మెల్‌బోర్న్ కుళాయి నీళ్లు యారా కొండల అడవుల్లోంచి వచ్చే మెత్తటి నీళ్లు, క్లోరిన్ పోగొడితే చాలా చేపలకి సరిపోతాయి. మీ అడిలైడ్‌లో మర్రే నది వాటా ఉంది, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టేది అందుకే.

ఆర్ఓ మాటొస్తే నాకో చిలిపి ఆలోచన వస్తుంది. పెద్ద కరువు తర్వాత 2012లో మా వైపు వాంథగీలో సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటు పూర్తి చేశారు, ఏడాదికి 15,000 కోట్ల లీటర్లు తియ్యగలదట. అక్కడేమో సముద్రంలోంచి ఉప్పు తీస్తారు, మనమేమో డబ్బులిచ్చి బస్తా ఉప్పు కొనుక్కొచ్చి మళ్లీ కలుపుతాం! ఈ పనికి అక్కరకొచ్చే పొరని కాలిఫోర్నియాలో తయారుచేసిన ఇద్దరిలో ఒకాయన మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్.

మన లాండ్రీలో పెట్టుకునే ఆర్ఓ యూనిట్‌ ముచ్చట వేరు. దాని పెట్టెమీద రాసిన లీటర్లు 25 డిగ్రీల నీళ్లకి లెక్క. జూలైలో ఇక్కడి కుళాయి నీళ్లు ఐసుముక్కలే, చాలా నెమ్మదిగా కారతాయి. నేను చలికాలమంతా రాత్రి పడుకునేముందు తిప్పి, పొద్దున్నే కట్టేసేదాన్ని. ఆ అలవాటే జనవరి ఎండల్లో, నీళ్లు వెచ్చబడి వేగంగా కారేసరికి కొంప ముంచింది. తెల్లారి లేచేసరికి లాండ్రీలో పాదం ములిగే నీళ్లు. అదే రోజు వెళ్లి ఫ్లోట్ వాల్వ్ తెచ్చాను. ఇంకోటి: తిప్పిన మొదటి రెండు మూడు నిమిషాల నీళ్లు పట్టుకోకు, పొర ఖాళీగా ఉన్నప్పుడు దాటుకొచ్చిన లవణాలు అందులోనే వస్తాయి. అందుకే రోజూ చెంబెడు చెంబెడు పట్టకుండా ఒక్కసారే డ్రమ్ము నింపుకో. నీళ్లలో మిగిలిన లవణాలు కొలిచే మీటరు సున్నా దాటి రెండు చూపించిందంటే, యూనిట్ చివర ఆ లవణాల్ని పట్టే రెజిన్ మార్చే వేళయిందన్నమాట. సిడ్నీలో చాలాచోట్ల కుళాయి నీళ్లలో క్లోరిన్‌కి బదులు క్లోరమిన్ వేస్తారు, అది ఓ పట్టాన వదలదు. మీ పేటలో ఏది కలుపుతారో నీళ్లవాళ్లనే అడుగు.

ఒక లీటరు మంచిది దిగాలంటే మూడు బయటికి పోతాయి. నాకు పదిహేను రోజులకి యాభై లీటర్లు కావాలి, అంటే నూటయాభై వృథా. కాలవలోకి పోనిస్తే ప్రాణం ఒప్పుతుందా? వాషింగ్ మెషిన్‌కీ, గోంగూర మడికీ పోస్తున్నాను, ఉన్నన్నాళ్లూ కరివేపాకుకీ పోశాను.

ఆ కరివేపాకు కథ కూడా వినేసెయ్. మా అత్తయ్య వచ్చినప్పుడు మొక్క వాడిపోతోందని జాలిపడి, ట్యాంకులో మార్చడానికి ఉప్పు కలిపి ఉంచిన డ్రమ్ములోంచి రెండు బకెట్లు పోసేశారు. మూడేళ్లు పెంచిన చెట్టు వారంలో పోయింది. అప్పట్నుంచి డ్రమ్ముల మీద ఇంతేసి అక్షరాలతో "ఉప్పువి", "చప్పవి", "చెట్లవి" అని రాసిపెట్టాను. అయినా అత్తయ్య మాత్రం ఏ డ్రమ్ము మూత తీసినా ముందు వేలు ముంచి నాలిక్కి రాసుకుని చూస్తారు.