ఇంటివద్ద సేవ – పెద్దల సొమ్ముకు భద్రత

(కుటుంబ పాఠము)

పాఠ ఉద్దేశము: వృద్ధులైన తల్లిదండ్రులకు ఇంటివద్ద సేవకు మనిషిని పెట్టునప్పుడు, వారి డబ్బును, ఆస్తిని, గౌరవమును ఎట్లు కాపాడవలెనో తెలిసికొనుట.



మన పెద్దలు పొట్ట చేతపట్టుకొని కోలారు బంగారు గనులకు, షోలాపూరు మగ్గములకు, హుబ్బళ్ళి రైల్వేకు వచ్చినవారు. నేడు వారి పిల్లలలో అనేకులు బెంగుళూరులోను, హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను ఉన్నారు. ఇంట్లో మిగిలినది ఒక వృద్ధురాలు, ఆమె పింఛను, జీతమునకు వచ్చే ఒక సేవకురాలు. "డబ్బు సంగతి ఆ అమ్మాయే చూచుకొంటున్నది" అనే మాట మేము దర్శనములకు వెళ్ళినప్పుడు తరచుగా వింటున్నాము.

సేవకు వచ్చేవారిలో ఎక్కువమంది కష్టజీవులు. వారిని దొంగలుగా చూడుమని మేము చెప్పుటలేదు. అపహరించేది ఒక్కొక్కసారి స్వంత బిడ్డలే. లెక్క తేటగా ఉన్నయెడల పెద్దలకు క్షేమము, పనిచేసేవారికి నింద రాదు.

1. ముందుగా పెద్దలనే అడుగవలెను

డబ్బు వారిది. మతి సరిగా ఉన్నంతకాలము నిర్ణయము కూడ వారిదే. "అమ్మా, నీ పింఛను ఎవరు తెచ్చిపెట్టవలెనని నీకు ఇష్టము?" అని ప్రక్కన కూర్చుండి అడుగుదము. పింఛను, డిపాజిట్లు, నగలు, ఇంటి పత్రములు, అప్పులు ఒక నోటుపుస్తకములో వ్రాసి, ఒక ప్రతి ఆమెవద్ద, ఒక్కొక్క ప్రతి ఇద్దరు బిడ్డలవద్ద ఉంచవలెను. ఒక్కరికే తెలిసియుండుట మంచిది కాదు.

2. కార్డు, పిన్ను, ఫోను

ఏ.టి.ఎం. కార్డును, పిన్ను నంబరును, ఫోనుకు వచ్చే ఓ.టి.పి.ని ఎవరికిని ఇవ్వరాదు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నిబంధనలలో, ఖాతాదారుడే పిన్ను వంటివి ఇతరులకు చెప్పినయెడల, బ్యాంకుకు తెలియజేయువరకు జరిగిన నష్టమంతయు అతనిదేనని ఉన్నది.

మరి డబ్బు ఎట్లు తేవలెను? రెండు ఖాతాలు ఉంచుట సులభమైన మార్గము. పింఛను, పొదుపు ఒక ఖాతాలో ఉండును. దానికి కార్డు అక్కరలేదు. ఇంటి ఖర్చు నెలకు 15,000 రూపాయలనుకొందము. అంత మాత్రమే రెండవ ఖాతాకు పంపవలెను. ఒకవేళ నష్టము వచ్చినా ఆ 15,000తోనే ఆగును గాని, జీవితకాలపు పొదుపు పోదు.

70 ఏండ్లు దాటినవారికి ఇంటివద్దనే నగదు అందించే ఏర్పాటు చేయవలెనని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులకు చెప్పినది. మీ బ్యాంకులో అడుగుడి. రైల్వే మొదలైన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు జీవన ప్రమాణపత్రమును పోస్టుమాన్ ద్వారా ఇంటినుండే ఇవ్వవచ్చును.

జాయింటు ఖాతా విషయములో జాగ్రత్త. "ఎయిదర్ ఆర్ సర్వైవర్" అని వ్రాసినచో ఇద్దరిలో ఎవరైనను మొత్తము తీయవచ్చును. నామినీ అట్లు కాదు. ఖాతాదారు బ్రతికియుండగా నామినీ ఒక్క రూపాయి కూడ తీయలేడు.

3. జీతము, ఇంటి లెక్క

పని వేళలు, సెలవులు, జీతము మొదటిరోజే కాగితముమీద వ్రాసికొనవలెను. జీతము బిడ్డలే బ్యాంకు ద్వారా పంపుట, లేదా పుస్తకములో సంతకము చేయించుకొని ఇచ్చుట మంచిది. అప్పుగాని, అడ్వాన్సుగాని కావలెనంటే బిడ్డలనే అడుగవలెనని ముందే చెప్పవలెను. మందులకు, కూరగాయలకు విడిగా డబ్బు ఇచ్చి, వారమునకు ఒకసారి బిల్లులు చూడవలెను. నగలు లాకరులో ఉండవలెను.

4. చదువలేని లిపిలో సంతకము వద్దు

ఇది మనవంటివారికి ముఖ్యమైనది. మన పెద్దలు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ చక్కగా మాట్లాడుదురు గాని, చాలామంది చదువలేరు. ఏ పత్రమైనను, దానివలన లాభములేని వ్యక్తి తెలుగులో చదివి వినిపించిన తరువాతనే వ్రేలిముద్రయైనను, సంతకమైనను వేయవలెను.

పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినచో, ఫలానా పనికి మాత్రమే అని వ్రాయించవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఇచ్చినవారి మతి చెడినప్పుడు ఆ అధికారము ముగియును.

ఇల్లు బిడ్డకు వ్రాసి ఇచ్చునప్పుడు, "నన్ను చూచుకొనవలెను" అను షరతు దస్తావేజులోనే ఉండవలెను. ఆ షరతు తప్పినయెడల దస్తావేజును రద్దు చేయుమని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను క్రింద ట్రిబ్యునల్‌ను అడుగవచ్చును.

క్రైస్తవులమైన మనకు 1925 నాటి వారసత్వ చట్టము వర్తించును. దాని ప్రకారము వీలునామాకు సాక్షి సంతకము చేసినవారికి గాని, వారి భార్యకు లేక భర్తకు గాని అందులో వ్రాసిన ఆస్తి చెందదు. కనుక ఆస్తి పొందవలసినవారిని సాక్షులుగా పెట్టరాదు.

5. సంఘము చేయదగినది

దర్శనమునకు వెళ్ళినప్పుడు కొన్ని గుర్తులు గమనింతము: డబ్బు తీసినా మందులు లేకపోవుట, పెద్దలను మనతో ఒంటరిగా మాట్లాడనీయకపోవుట, చేతి ఉంగరము కనబడకపోవుట. చూచినది ఊరంతా చెప్పక, దూరమున ఉన్న బిడ్డకు ఫోను చేయవలెను. బిడ్డమీదనే అనుమానమైతే 14567 వయోవృద్ధుల సహాయ నంబరు ఉన్నది. ఫోను ద్వారా మోసము జరిగినచో వెంటనే బ్యాంకుకు, 1930కు చెప్పవలెను.

మన విషయములోను నియమము ఉండవలెను. జ్ఞాపకము తగ్గిన పెద్దలు సంఘమునకు పెద్ద కానుక ఇవ్వబోయినప్పుడు, కోశాధికారి రసీదు వ్రాయకముందే కుటుంబముతో మాట్లాడవలెను. సంఘ పెద్దలెవరును ఇతరుల కార్డులు దాచిపెట్టరాదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంటి పెద్దల పింఛను ఎవరు తెచ్చుచున్నారు? లెక్క ఎవరు చూచుచున్నారు?
2. కార్డు ఇచ్చుటకు, ఖర్చుకు మాత్రమే డబ్బు ఇచ్చుటకు భేదమేమి?
3. మీ సంఘములో ఒంటరిగా ఉన్న పెద్దలు ఎందరు? వారిని ఈ నెల ఎవరు చూచివచ్చెదరు?

ఈ వారము చేయవలసిన పని: మీ తల్లిదండ్రుల ప్రక్కన కూర్చుండి, ఆ నోటుపుస్తకములో మొదటి పుట వారి మాటలలోనే వ్రాయుడి.