గొంగడి: ఎన్నిక, సంరక్షణ

గొంగటిలో తింటూ వెంట్రుకలు ఏరినట్లు అను సామెతను మన ప్రాంతమున వినని వారు అరుదు. కాని తరగతిలో ఈ సామెతకు అర్థము చెప్పునప్పుడు, అసలు గొంగడి యనగా ఏమని మమ్ము అడిగిన విద్యార్థులు కలరు. మాట నిలిచినది, వస్తువు మాత్రము ఇండ్ల నుండి వెడలిపోవుచున్నది. గద్వాల చీర కొనునప్పుడు నూలు చీరకు పట్టు అంచు ఎట్లు అతికినదో తిప్పి తిప్పి చూచు మనము, చలికి కప్పుకొను బట్ట విషయమున రంగును, ధరను మాత్రమే చూచుచున్నాము. కనుక గొంగడిని ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో విద్యార్థుల ఉపయోగార్థము ఇచ్చట వివరింప తలచితిమి.

ఉన్ని గుణము

ఆలంపూరు చలి నీటిని గడ్డకట్టించునది కాదు. అయినను మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున తుంగభద్ర మీదుగా వీచు గాలికి, మోటారు సైకిలుపై పోవువాని వ్రేళ్లు కొంకర్లు పోవును. ఇట్టి వేళ వస్త్రము చేయు పని యేమి? వస్త్రము వేడిని పుట్టింపదు. మన దేహమునందలి వేడిని బయటకు పోనీయక నిలుపును. వంకరలు తిరిగిన ఉన్నిపోగుల నడుమ కదలని గాలి చిక్కుకొని యుండును. ఆ గాలియే చలికి అడ్డుగోడ. ఉన్నికి మరియొక గుణము కలదు. తన బరువులో సుమారు మూడవ వంతు తేమను పీల్చుకొనియు అది తడిసినట్లు తోచదు.

మన గొంగడికి మూలము దక్కను గొర్రె. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మెట్టభూములలో మేయు ఈ జాతి ఉన్ని నలుపు, ముతక. సాధారణముగా ఏడాదికి రెండు మార్లు బొచ్చు కత్తిరింతురు. ఒక గొర్రెకు ఏడాదికి కిలో ఉన్ని కూడ రాదు. అనగా ఒక్క గొంగడి వెనుక అనేక గొర్రెల ఉన్ని ఉన్నది. కురుమ స్త్రీలు దానిని శుభ్రపరచి నూలుగా వడకగా, పురుషులు గుంటమగ్గముపై నేయుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టింతురు. క్రొత్త గొంగడి బిరుసుగా నుండుటకు ఈ గంజియు ఒక కారణము. వానలో గొర్రెల కాపరి దానిని కొప్పుగా మడిచి తలపై వేసుకొనిన, నీరు చాలవరకు పైపైననే జారిపోవును.

ఉర్దూలో కంబల్, తెలుగులో కంబళి అను మాటలు రెండును సంస్కృతమునందలి కంబళ శబ్దమునకు సంబంధించినవే. అరబ్బీలో సూఫ్ అనగా ఉన్ని. ముతక ఉన్ని ధరించిన సాధువులకు సూఫీలను పేరు దాని వలననే వచ్చినదని పలువురు పండితుల అభిప్రాయము. రెండు భాషలు చదువు మన విద్యార్థులకు గొంగడి పరాయిది కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఎన్నుకొను విధము

మొదట అది నిజమైన ఉన్నియేనా యని చూడవలెను. అంచు నుండి ఒక పోగు తీసి, వస్త్రమునకు దూరముగా పట్టుకొని నిప్పు తగిలింపవలెను. ఉన్ని మెల్లగా కాలి, వెంట్రుక కాలిన వాసన వేయును. మిగిలిన బూడిద వ్రేళ్ల నడుమ పొడి యగును. ఆక్రిలిక్ పోగు కరగి గట్టి పూస వలె మిగులును. బజారులో దొరకు స్వెట్టర్లు, శాలువలు కొనువారు 1964 నుండి వాడుకలో నున్న ఊల్‌మార్క్ ముద్రను కూడ చూచుకొనవచ్చును. చేమగ్గపు గొంగడికి అట్టి ముద్ర ఉండనక్కరలేదు. దానికి మన చూపు, స్పర్శయే ముద్ర.

పిదప నేత. వెలుతురునకు ఎదురుగా పట్టి చూచిన, ఒకచోట పలుచగా, ఒకచోట దట్టముగా ఉండరాదు. సహజమైన నలుపు రంగు అంటదు. తడి తెల్లగుడ్డతో రుద్దిన అద్దకమో కాదో కొంత తెలియును. కొలత మనిషిని బట్టి ఉండవలెను. పడుకొని కప్పుకొనువారికి తమ ఎత్తు కంటె ఒక మూర ఎక్కువ కావలెను. కొప్పు వేసుకొని పొలము పోవువారికి అది మోకాళ్ల దిగువకు వచ్చిన చాలును. అంతకు మించిన కాళ్లకు అడ్డుపడును. క్రొత్తదానిలోని బిరుసును లోపమనుకొనరాదు, వాడుకలో అది మెత్తబడును. ఒంటికి గుచ్చుకొనునని భయపడువారు లోపల నూలు దుప్పటి కప్పుకొనిన చాలును.

చేతి తొడుగులకును ఇదే సూత్రము. బిగుతైన దానిలో గాలికి చోటుండదు, రక్తప్రసారమునకును అడ్డు కలుగును. మరీ వదులైన దానిలో చలిగాలి దూరును. వ్రేళ్ల కొసల వద్ద కొద్దిపాటి ఖాళీ, మణికట్టు వద్ద పట్టు ఉన్న తొడుగు తగినది. నాలుగు వ్రేళ్లు ఒకే సంచిలో ఉండు తొడుగున వ్రేళ్లు ఒకదాని వేడిని ఒకటి పంచుకొనును గనుక అది ఎక్కువ వెచ్చన. బండి నడుపువానికి మాత్రము వ్రేళ్లు విడిగా ఉన్నదే క్షేమము.

కాపాడుకొను విధము

ఉన్నికి శత్రువులు మూడు: వేడినీరు, క్షారము, పురుగు. ఉన్నిపోగు మీద చేప పొలుసుల వంటి పొలుసులు ఉండును. వేడినీటిలో నానవేసి బాదిన, అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని వస్త్రము కుదించుకొని గట్టిపడును. చాకలిసోడా, బ్లీచింగు ద్రవము ఉన్నిని తినివేయును. కావున గొంగడిని తరచుగా ఉతుకరాదు. దులిపి గాలికి ఆరవేసిన చాలును. తప్పనిసరియైనప్పుడు చన్నీటిలో కొద్దిపాటి మెత్తని సబ్బునీళ్లు కలిపి, నొక్కి తీయవలెను, పిండి మెలిపెట్టరాదు. నీడలో పరచి ఆరబెట్టవలెను. తీగెపై వ్రేలాడదీసిన నీటి బరువునకు సాగిపోవును.

చిమ్మెట పిల్లపురుగులు ఉన్నిని తిని బ్రతుకును. చెమట, నూనె, అన్నపు మరకలు ఉన్నచోట అవి మరింత చేరును. అందుచేత చలికాలము ముగిసిన వెంటనే శుభ్రపరచి, పూర్తిగా ఆరిన పిదప, ఎండువేపాకుతో నూలుగుడ్డలో చుట్టి దాచవలెను. అంతటితో మరచిపోరాదు, వర్షకాలమున ఎండ కాసినపుడెల్ల తీసి దులుపవలెను. చిన్న చిల్లిని ఆనాడే రఫూ చేసిన అది పెద్దది కాదు.

కొనువారి బాధ్యత

మాంసమునకు గిరాకి పెరిగి, ఉన్నికి ధర లేకపోవుటచే నెల్లూరు వంటి ఉన్ని లేని జాతులు దక్కను గొర్రె స్థానమును ఆక్రమించినవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన పంపిణీ పథకమున లబ్ధిదారునకు 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చుటకు ఇతర రాష్ట్రముల నుండి కూడ గొర్రెలను కొని తెచ్చిరి. కాపరికి మంద పెరుగుట మేలే. కాని ఉన్ని గొర్రె పోయిన వడకుట పోవును, వడకుట పోయిన మగ్గము పోవును. ఇది ఎవరి తప్పని వాదించుటకంటె, మనము చేయదగినది ఆలోచించుట మంచిది.

మంచి గొంగడిని గుర్తింపలేనివాడు దానికి తగిన వెల ఈయడు. వెల రానిచో నేయువాడు తన కొడుకునకు మగ్గము నేర్పడు. వస్తువు విలువ తెలిసిన కొనుగోలుదారు లేక ఏ చేతిపనియు నిలువదు. విద్యార్థులారా! ఈ చలికాలమున మీ ఊరి కురుమ పెద్దల ఇంటికి పోయి, గొంగడిని చేత పట్టి చూడుడు. పడుగేదో, పేక యేదో అడిగి తెలిసికొనుడు. మీ ఇంట అటక మీద తాతల నాటి గొంగడి యున్నచో దించి, దులిపి, చిల్లులు కుట్టి వాడుకొనుడు. ముతకగా ఉన్నదని సిగ్గుపడ పని లేదు. గొంగటిలో కూర్చుండి వెంట్రుకలు ఏరుట మాని, ఆ వెంట్రుకలే మనకు వెచ్చదనమని గ్రహించుట చదువుకొన్నవారికి తగిన పని.