పప్పీ కొనే ముందు ముక్కు చూడండి

సెలవులు దగ్గర పడితే చాలు, చాలా ఇళ్లలో "నాన్నా, ఒక పప్పీ కొందాం" అనే మాట మొదలవుతుంది. కొనవద్దని మేం చెప్పడం లేదు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక లెక్క వేసుకోండి. చిన్న జాతి కుక్కలు సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. ఇప్పుడు ఐదో తరగతి చదువుతున్న మీ పాప ఇంటర్, ఇంజినీరింగ్ దాటి ఉద్యోగంలో చేరేనాటికి కూడా అది మీ ఇంట్లోనే ఉంటుంది. పాప హాస్టల్‌కు వెళ్లాక పొద్దున్నే దాన్ని బయటికి తిప్పేది ఎవరో ఈరోజే తేల్చుకోండి.

ఇక జాతి సంగతి. 2003లో వచ్చిన హచ్ ప్రకటన తర్వాత మన దేశంలో పగ్ అంటే మోజు బాగా పెరిగింది. ముద్దుగా ఉంటుంది, నిజమే. కానీ కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నోటిలోని, ముక్కులోని తడిని ఆవిరి చేసి ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది. పగ్, షిట్జూ వంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఆ గాలిదారి పొట్టిగా, ఇరుకుగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఆరాంఘర్ చౌరస్తా నుంచి ఇంటిదాకా నడిపించడం కూడా వాటికి ప్రమాదమే. ఆపి ఉంచిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలకండి.

విపరీతంగా రొప్పడం, చొంగ కారడం, తూలడం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లు తడిపి, ఫ్యాను కింద ఉంచి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఆ వేళకు కాగి ఉంటాయి, బిందెలోవి వాడండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మనకు దగ్గరే.

మన దగ్గర పామరేనియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. ముక్కు కోసుగా ఉంటుంది కాబట్టి ఎండకు పగ్ కంటే నయం. మొరుగుడు మాత్రం ఎక్కువ, అపార్ట్‌మెంట్లో ఉండేవారు ఆలోచించుకోవాలి. మమ్మల్ని అడిగితే, మన వాతావరణానికి అన్నిటికంటే బాగా తట్టుకునేది నాటు కుక్కపిల్లే. దానికి వేలు పోయనక్కర్లేదు కూడా.

కొనేటట్లయితే తల్లి కుక్కను చూపించమని అడగండి. సాకులు చెబితే తిరిగి వచ్చేయండి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలవుతాయి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయిస్తారు, మునిసిపల్ లైసెన్సుకు ఆ సర్టిఫికెట్ కావాలి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ పెట్టవద్దు. లంచ్ బాక్సులో మిగిలిన ఆనియన్ పరోటా కుక్కకు వేసే పిల్లలు ఉంటారు, గమనించండి.

కుక్క కరిచినా, గీరినా, అది ఇంటిదైనా సరే, 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తిడతారన్న భయంతో పిల్లలు గీరిన గుర్తును ఫుల్ హ్యాండ్స్ చొక్కా కింద దాచేస్తారు. కుక్క ఇంటికి వచ్చిన రోజే చెప్పండి, ఈ విషయంలో ఎవరూ ఏమీ అనరని.