కదిలే నేల

భూమికి మన నిఘంటువులలో ‘అచల’, ‘స్థిర’ అనే పేర్లున్నవి. కదలనిదని, నిలకడ గలదని వాటి అర్థం. భూకంపమన్నా, జల్జలా అన్నా, అది ఎప్పుడో అరుదుగా కలిగే ఉత్పాతమని సామాన్యుల భావన. కాని నేల నిత్యం కదులుతూనే ఉన్నదని భూవిజ్ఞానం నిరూపించింది. ఆ చలనాన్ని గ్రహించుటకు ముందు భూమి లోపలి నిర్మాణం తెలియాలి.

భూగర్భంలోని పొరలు

ఉపరితలం నుంచి భూకేంద్రానికి దూరం సుమారు 6,371 కిలోమీటర్లు. మానవుడు తొలిచిన మిక్కిలి లోతైన రంధ్రాలు కూడా 12 కిలోమీటర్లకు కొంచెం మించి పోలేదు. ఆపై సంగతులను భూకంప తరంగాలే తెలిపినవి. కుండను వ్రేలితో తట్టి, ధ్వనినిబట్టి దాని గట్టితనం తెలుసుకొనుట వంటిదే ఈ పద్ధతి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఓల్డ్‌హామ్ 1897 నాటి అస్సాం భూకంపాన్ని పరిశోధించి, తరంగాలలోని రకాలను వేరుపరచినాడు. భూమికి ప్రత్యేకమైన కేంద్రమండలం ఉన్నదని 1906లో చూపినాడు. అందులో వెలుపలి భాగం ద్రవమని తరువాత తేలింది. ఆ ద్రవం నడుమ మరొక గోళమున్నదని 1936లో డెన్మార్క్ శాస్త్రజ్ఞురాలు ఇంగె లేమన్ కనుగొన్నది.

అన్నిటికన్న పైనున్నది భూపటలం. దీని మందం సముద్రాల క్రింద సుమారు 7 కిలోమీటర్లు, ఖండాల క్రింద సగటున 35 నుంచి 40 కిలోమీటర్లు. దాని దిగువ 2,900 కిలోమీటర్ల లోతు వరకు ప్రావారం, ఆపై కేంద్రమండలం ఉన్నవి.

ఫలకాల ప్రయాణం

భూపటలమూ, ప్రావారపు పైభాగమూ కలిసి ఏర్పడిన కఠిన శిలావరణం అనేక ఫలకాలుగా విడివడి ఉన్నది. వాటి క్రింది ప్రావారం ఘనరూపమే అయినా, అధిక ఉష్ణం వలన అతి మెల్లగా ప్రవహిస్తుంది. సముద్రగర్భంలోని గట్ల వద్ద కొత్త నేల పుట్టుచుండగా, చల్లబడి బరువెక్కిన పాత నేల అగాధాల వద్ద ప్రావారంలోకి దిగిపోతూ ఫలకాన్ని తన వెంట లాగుతుంది.

ఖండాలు కదిలినవని 1912లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వెగెనర్ ప్రతిపాదించినప్పుడు, వాటిని కదిలించు శక్తి ఏదని పండితులు ఆక్షేపించినారు. సముద్రతల పరిశోధనల వలన 1960 దశకంలో సమాధానం దొరికింది. అయితే ఒక సాక్ష్యం మన చెంతనే ఉన్నది. గోదావరి లోయలోని బొగ్గు పొరల మధ్య లభించే గ్లోసోప్టెరిస్ అనే మొక్క శిలాజాలు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలలోనూ లభించినవి. ఒకప్పుడు ఏకమై ఉన్న ఆ మహాఖండానికి గోండుల సీమను బట్టి గోండ్వానా అనే పేరు వచ్చింది. దాని నుంచి విడివడిన భారత ఫలకం ఉత్తరంగా పయనించి, సుమారు 5 కోట్ల ఏండ్ల క్రిందట ఆసియాను ఢీకొన్నది. హిమాలయాలు దాని ఫలితమే. నేటికీ ఇది ఏటా సుమారు 5 సెంటీమీటర్లు కదులుతున్నది. అనగా ఇరువది ఏండ్ల విద్యార్థి పుట్టిననాటి నుంచి తన ఊరితోపాటు దాదాపు ఒక మీటరు ప్రయాణించినాడన్నమాట!

దక్కనుకు హెచ్చరిక

ఫలకాల అంచులకు దూరంగా ఉన్నందున దక్కను పీఠభూమికి భయం లేదని చాలాకాలం భావించినారు. 1967లో కొయనా, 1969లో భద్రాచలం భూకంపాలు ఆ నమ్మకాన్ని సడలించినవి. 1993 సెప్టెంబరు 30 వేకువజామున, పూర్వపు హైదరాబాదు రాజ్యంలోనిదైన కిల్లారి ప్రాంతంలో దాదాపు పదివేలమంది నిద్రలోనే మరణించినారు. హిమాలయాల వద్ద జరుగుచున్న ఘర్షణ ఒత్తిడి ఫలకమంతటా వ్యాపించి, లోపలి పాత పగుళ్లను సైతం కదిలించగలదు.

ఆ భూకంప తీవ్రత సుమారు 6.2 మాత్రమే. ఇంత ప్రాణనష్టానికి ముఖ్యకారణం మట్టితో పేర్చిన దళసరి రాతిగోడలు, వాటిపై మోపిన బరువైన మట్టికప్పులు. గోడలను చుట్టూ కాంక్రీటు పట్టీలతో బంధించి, కప్పు బరువు తగ్గించి ఉంటే ఎందరో బ్రతికేవారు.

భూకంపం వచ్చు దినమును, గడియను ముందుగా చెప్పగల శాస్త్రం ఇంకా లేదు. కాని కూలని ఇల్లు కట్టుట తెలిసిన విద్యయే. నేటి విద్యార్థులలో రేపటి ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, గృహస్థులు ఉన్నారు. ఫలకాల కదలికను ఆపుట ఎవరి తరమూ కాదు. గోడను గట్టిపరచుట మన చేతిలోని పని.