పాత ల్యాప్‌టాప్‌కు కొత్త డిస్క్: ముందు కాపీ, తర్వాతే స్క్రూడ్రైవర్



"ల్యాప్‌టాప్ ఆన్ కావడానికే ఐదు నిమిషాలు పడుతోంది, కొత్తది కొందాం నాన్నా!" ప్రాజెక్టులు సమర్పించే రోజుల్లో చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. మీ ల్యాప్‌టాప్ కొన్ని ఏళ్ల కిందట కొన్నదైతే, కొత్తది కొనేముందు ఒక్కసారి దాని హార్డ్ డిస్క్ సంగతి చూడండి. అది మార్చితే చాలాసార్లు సరిపోతుంది, ఖర్చూ చాలా తక్కువ.

నెమ్మదించడానికి కారణం

హార్డ్ డిస్క్‌లో గుండ్రని పలకలు తిరుగుతుంటాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో వాటి వేగం నిమిషానికి 5,400 చుట్లు. సన్నని చేయి లాంటి భాగం వాటిపై కదులుతూ సమాచారాన్ని వెతికి చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు ఉండవు. పెన్‌డ్రైవ్‌లో లాగే చిప్‌లు మాత్రమే ఉంటాయి. సాధారణ హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాకా చదువుతుంది.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరవండి. ఏ పనీ చేయనప్పుడు కూడా 'డిస్క్' వరుస చాలాసేపు 100 శాతం దగ్గరే ఉంటే, డిస్క్ మార్పు ఉపయోగపడే అవకాశం ఎక్కువ. 'మెమరీ' నిండిపోతుంటే ర్యామ్ కూడా పెంచాల్సి రావచ్చు.

కొనేముందు

మీ మోడల్ నంబర్‌తో ఏ డిస్క్ సరిపోతుందో తెలుసుకోండి. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా 2.5 అంగుళాల సాటా డిస్క్ ఉంటుంది. కొన్నింటిలో ఎం.2 స్లాట్ ఉంటుంది. దానిలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు మరొకటి అన్నిచోట్లా పనిచేయదు. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీని బోర్డుకే అతికిస్తారు, దాన్ని మార్చలేం. వారంటీ మిగిలి ఉంటే మూత విప్పేముందు దాని షరతులు చదవండి.

అన్నిటికంటే ముఖ్యం: కాపీ

పిల్లల ప్రాజెక్టులు, కుటుంబం ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు ముందుగా బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందని నమ్మి ఊరుకోకండి. ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసిపెట్టుకోండి.

డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే పదే పదే ఆన్ చేయకండి. వెంటనే ఆపేయండి. అందులోని ఫైళ్లకు వేరే కాపీ లేకపోతే, డేటా తిరిగి తీసే నిపుణులకు చూపించండి.

మార్చే క్రమం

1. పాత డిస్క్‌ను యథాతథంగా కొత్తదానిలోకి కాపీ చేయాలా (దీన్నే క్లోనింగ్ అంటారు), విండోస్ కొత్తగా వేయాలా అన్నది నిర్ణయించుకోండి. క్లోనింగ్ అయితే యూఎస్‌బీ-సాటా కేబుల్ కావాలి. ఆ పని మూత విప్పకముందే పూర్తి చేయాలి.
2. స్లీప్‌లో కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. చార్జర్ తీసేయండి. మూత విప్పగానే బ్యాటరీ కనెక్షన్ తొలగించండి.
3. స్క్రూలు ఏ చోటివి ఆ చోటే ఉన్నట్టు కాగితంపై పేర్చండి. అన్నీ ఒకే పొడవు ఉండవు.
4. పాత డిస్క్‌ను తిన్నగా లాగి, దాని ఫ్రేమ్‌ను కొత్తదానికి బిగించి అమర్చండి. దేనికీ బలం వాడకండి.

విండోస్ 10, 11 డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. అందువల్ల అదే ఎడిషన్ వేస్తే సాధారణంగా మళ్లీ కొనాల్సిన పని లేదు.

పాత డిస్క్ ఇంటికే రావాలి

షాపులో మార్పించినా పాత డిస్క్ అడిగి తీసుకోండి. అందులో ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల ఫొటోలు ఉండవచ్చు. డిలీట్ చేసినవీ, క్విక్ ఫార్మాట్ చేసినవీ తిరిగి తీయడం సాధ్యమే. కనీసం కొన్ని నెలలు దాన్ని భద్రంగా ఉంచండి. బాగా పనిచేస్తుంటే యూఎస్‌బీ కేస్‌లో పెట్టి అదనపు కాపీలకు వాడుకోవచ్చు.

ఈ నెల ఇంట్లో చేయండి

మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల ఫైళ్లను వాళ్ల చేతే కాపీ చేయించండి. ఇక మీదట ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ పని వాళ్లకే అప్పగించండి. డిస్క్ ఎప్పుడు పాడవుతుందో ఎవరూ చెప్పలేరు. రెండో కాపీ ఉన్న విద్యార్థి మాత్రం ప్రాజెక్టు సమర్పించే ముందురోజు రాత్రి కంగారు పడడు.